ఇరవై అయిదో వంతు లోకం

నెదర్లాండ్స్ దేశంలోని ది హేగ్ నగరంలో, సముద్రతీరానికి దగ్గరగా ఒక చిత్రమైన ఊరుంది. అక్కడి పౌరుల ఎత్తు 7 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఊళ్లో చర్చిలు, కాలువలు, గాలిమరలు, విమానాశ్రయం, రైలు మార్గాలు, అన్నీ ఉన్నాయి. నిజానికి 112 మీటర్లకు పైగా ఎత్తున్న ఊట్రెక్ట్ నగరపు డోమ్ గోపురం ఇక్కడ నాలుగున్నర మీటర్లే. చూడవచ్చిన మనిషి రెండిళ్ల మధ్య నిలబడితే గలివర్ కథ గుర్తుకు రాక మానదు. ఈ ఊరి పేరు మదురోడాం. ప్రతి వస్తువునూ అసలు కొలతలో 25వ వంతుకు తగ్గించి కట్టారు.

ప్రసిద్ధ కట్టడాలను కుదించి ఒకచోట చేర్చిన ఇలాంటి వనాలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. ఇంగ్లండులోని బెకన్‌స్కాట్ 1929 నాటిది. బ్రసెల్స్‌లో 1989లో మినీ యూరప్, జపాన్‌లో 1993లో టోబు వరల్డ్ స్క్వేర్, ఇస్తాంబుల్‌లో 2003లో మినియాటుర్క్ తెరుచుకున్నాయి. ఈ మూడింటిలోనూ 25వ వంతు కొలతే పాటించారు. ఢిల్లీలో 2019లో పాత ఇనుము, తుక్కు సామానుతో ఏడు వింతల నమూనాలు చేసి పార్కుగా తీర్చారు. సెలవుల్లో ఇలాంటి చోటికి వెళ్లినవాళ్లు నమూనాల పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటారు. ఎంత బాగా చేశారో అని మెచ్చుకుంటారు. అయినా ఎక్కడో ఏదో తేడాగా అనిపిస్తుంది. కాలువలో పడవ మరీ తొందరగా ఊగుతుంది. ఫౌంటెన్ నీళ్లు నీళ్లలా కాక గాజుపూసల్లా కనిపిస్తాయి. చెట్టు ఆకులు ఎందుకో పెద్దవిగా తోస్తాయి.

ఇది పనివాళ్ల లోపం కాదు. పొడవును తగ్గించడం మన చేతిలో ఉంది. మిగిలినవన్నీ అదే లెక్కన తగ్గడానికి ప్రకృతి ఒప్పుకోదు. ఆ ఒప్పుకోకపోవడంలోనే ఎంతో భౌతికశాస్త్రం దాగి ఉంది. దాని మీద లక్షలాది మంది ప్రాణాలు కూడా ఆధారపడి ఉన్నాయి.

ఒక స్మారక చిహ్నం

ముందు మదురోడాం పుట్టుక గురించి రెండు మాటలు. జార్జ్ మదురో 1916లో కరీబియన్ సముద్రంలోని కురసావ్ దీవిలో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. లైడెన్‌లో న్యాయశాస్త్రం చదువుతుండగా రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 మే నెలలో జర్మన్ సేనలు దండెత్తినప్పుడు అశ్విక దళంలో రిజర్వు అధికారిగా ది హేగ్ పరిసరాల్లో ధైర్యంగా పోరాడాడు. తరువాత నాజీలకు పట్టుబడి, 1945 ఫిబ్రవరిలో డాఖౌ నిర్బంధ శిబిరంలో టైఫస్ జ్వరంతో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 28 ఏళ్లు.

అదే కాలంలో బెప్ బోన్-ఫాన్ డెర్ స్టార్ప్ అనే ఆమె, క్షయ సోకిన విద్యార్థుల కోసం లారెన్‌లో నడుస్తున్న శానిటోరియానికి నిధులు సమకూర్చే పనిలో ఉంది. బెకన్‌స్కాట్ చిన్న ఊరి సంపాదన ధర్మకార్యాలకు వెళుతోందని తెలిసి, అలాంటిదే తమ దేశంలోనూ పెట్టాలనుకుంది. మదురో తల్లిదండ్రులు తమ ఒక్కగానొక్క కొడుకు జ్ఞాపకార్థం మొదటి పెట్టుబడి ఇచ్చారు. 1952 జూలై 2న ఊరు ప్రారంభమయింది. దానికి మొదటి మేయరు యువరాణి బేయాట్రిక్స్. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు. ఈ పేరును కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ పని పడుతుంది.

మూడు అంకెలు: 25, 625, 15,625

నమూనాలో పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటీ 25వ వంతు. మరి గోడలకు పట్టే రంగు? వైశాల్యం రెండు పొడవుల లబ్ధం కనుక 25ను 25తో గుణించాలి. అంటే 625వ వంతు రంగు చాలు. బరువు? ఘనపరిమాణం మూడు పొడవుల లబ్ధం. 25 × 25 × 25 = 15,625. అదే పదార్థంతో అచ్చంగా చేస్తే నమూనా బరువు అసలు దానిలో 15,625వ వంతు అవుతుంది.

పారిస్‌లోని ఈఫిల్ గోపురాన్ని తీసుకుందాం. దానిలోని ఇనుము బరువు సుమారు 7,300 టన్నులు. 1889లో కట్టినప్పటి ఎత్తు 300 మీటర్లు. 25వ వంతు నమూనా ఎత్తు 12 మీటర్లు, అంటే నాలుగంతస్తుల మేడంత. బరువు మాత్రం 467 కిలోలే! నాలుగంతస్తుల ఎత్తున్న ఇనుప కట్టడం ఒక ఎద్దు బరువు తూగుతుందంటే నమ్మబుద్ధి కాదు. కారణం లేకపోలేదు. అసలు గోపురంలో 10 మిల్లీమీటర్ల మందమున్న పలక నమూనాలో 0.4 మిల్లీమీటర్ల రేకు కావాలి. అంత పల్చని రేకుతో ఆరుబయట గోపురం నిలబెట్టడం కష్టం కనుక నమూనాలు చేసేవాళ్లు మందం విషయంలో లెక్క తప్పక తప్పదు. పైకి కనిపించే రూపం 25వ వంతే కాని, లోపలి కొలతలు వేరుగా ఉంటాయి.

ఇక బలం సంగతి. ఒక స్తంభం ఎంత బరువు మోయగలదనేది దాని అడ్డుకోత వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. అది 625వ వంతుకు తగ్గింది. మోయవలసిన బరువు 15,625వ వంతుకు తగ్గింది. కాబట్టి నమూనాలోని స్తంభం మీద ప్రతి చదరపు సెంటీమీటరుకు పడే భారం అసలు దానికన్నా 25 రెట్లు తక్కువ. నమూనా హాయిగా నిలబడుతుంది. ఇదే లెక్కను తిరగేయండి. నమూనా నిలబడింది కదా అని అదే ఆకారంలో, అదే పదార్థంతో 25 రెట్లు పెద్దది కడితే, భారం 25 రెట్లు పెరిగి అది కూలిపోవచ్చు. బొమ్మ నిలబడినంత మాత్రాన మేడ నిలబడుతుందని రుజువు కాదు.

ఈ సంగతిని మొదట సవివరంగా రాసినవాడు గెలీలియో. చిన్న యంత్రం బాగా పనిచేసినా, అదే ఆకారంలో చేసిన పెద్ద యంత్రం ఎందుకు అంత దృఢంగా ఉండదన్న ప్రశ్నతో ఆయన చివరి గ్రంథం మొదలవుతుంది. జంతువు పెద్దదయ్యేకొద్దీ ఎముక పొడవుకు మించి లావెక్కాలని ఆయన బొమ్మ గీసి చూపించాడు. ఏనుగు కాళ్లు జింక కాళ్లలా సన్నగా లేకపోవడానికి కారణం ఇదే. అప్పటికి గెలీలియో గృహనిర్బంధంలో ఉన్నాడు. ఇటలీలో ఆయన పుస్తకాలు అచ్చు వేయడానికి వీలు లేకపోయింది. అందుకని ఆ గ్రంథం 1638లో లైడెన్‌లో అచ్చయింది. మూడు శతాబ్దాల తరువాత జార్జ్ మదురో చదువుకున్న ఊరు అదే.

చిరుగాలే పెనుతుఫాను

బరువు మోయడంలో బొమ్మ ఊరికి కలిసివచ్చిన లెక్క, గాలీవానల దగ్గర ఎదురుతిరుగుతుంది. గాలి తోసే బలం వైశాల్యాన్ని బట్టి ఉంటుంది. దాన్ని ఎదిరించి కట్టడాన్ని నిలిపేది దాని బరువు. వైశాల్యం కన్నా బరువు 25 రెట్లు ఎక్కువగా తగ్గింది కనుక, అదే గాలికి బొమ్మ ఇల్లు అసలు ఇంటికన్నా 25 రెట్లు తేలికగా పడిపోతుంది. గాలి ఒత్తిడి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 25కు వర్గమూలం 5. అంటే గంటకు 36 కిలోమీటర్ల ఓ మోస్తరు గాలి, బొమ్మ ఊరికి గంటకు 180 కిలోమీటర్ల తుఫానుతో సమానం. అందుకే ఇలాంటి వనాల్లో ఇళ్లనే కాదు, వీధిలో నిలబడిన బొమ్మ మనుషులను కూడా నేలకు గట్టిగా బిగించాలి.

వాన ఇంకా చిత్రం. మేఘాలు మన కోసం 25వ వంతు చినుకులు కురిపించవు. 2 మిల్లీమీటర్ల చినుకు బొమ్మ మనిషికి 5 సెంటీమీటర్ల చినుకు. మనమీద నిమ్మకాయంత, 65 గ్రాముల నీటి ముద్దలు ఎడతెరిపి లేకుండా పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

చెట్లదీ ఇదే ఇబ్బంది. మొక్కను కత్తిరించి, వేళ్లను అదుపులో పెట్టి పొట్టిగా పెంచవచ్చు. కాని 10 సెంటీమీటర్ల ఆకును 4 మిల్లీమీటర్లకు తగ్గించడం తోటమాలికి సాధ్యం కాదు. ఆకు కణాలతో తయారయింది. కణం పరిమాణం చెట్టు ఎత్తుతో పాటు తగ్గదు. కాబట్టి పుట్టుకతోనే చిన్న ఆకులున్న, నెమ్మదిగా పెరిగే జాతులను ఏరి నాటుకోవాలి. దసరాకో సంక్రాంతికో మన ఇళ్లలో బొమ్మల కొలువు పెట్టేటప్పుడు మెంతులు, ఆవాలు చల్లి మొలకెత్తించి పొలాలుగా చూపిస్తాం కదా! ఆ ఉపాయం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం.

నిజంగానే 7 సెంటీమీటర్ల మనుషులుంటే? 60 కిలోల మనిషి 4 గ్రాములకు దిగుతాడు. ఒంటి వేడి చర్మం గుండా పోతుంది. వేడిని పుట్టించేది శరీరపు ద్రవ్యరాశి. ద్రవ్యరాశితో పోలిస్తే అతని చర్మం మనకన్నా 25 రెట్లు ఎక్కువ. ఒంటి వేడి నిలుపుకోవడానికి అతను ఎప్పుడూ తింటూనే ఉండాలి. రెండు గ్రాములుండే ఎట్రుస్కన్ ష్రూ అనే అతి చిన్న క్షీరదం చేసే పని ఇదే. రోజుకు తన బరువుకు మించి తింటుంది.

గడియారం కూడా మారాలి

పడవ ఎందుకు తొందరగా ఊగుతుందో ఇప్పుడు చూద్దాం. అసలు డోమ్ గోపురం పైనుంచి ఒక రాయి జారితే, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, నేలను చేరడానికి సుమారు 4.8 సెకన్లు పడుతుంది. నాలుగున్నర మీటర్ల నమూనా పైనుంచి ఒక సెకనుకన్నా కాస్త తక్కువే చాలు. ఎత్తు 25 రెట్లు తగ్గితే కాలం 5 రెట్లు తగ్గింది. గురుత్వాకర్షణ మాత్రం రెండుచోట్లా ఒక్కటే. రాయి పడడం, లోలకం ఊగడం, అల లేచి విరగడం, పడవ తూగడం వంటి గురుత్వాకర్షణ నడిపే చలనాలన్నిటికీ ఇదే నియమం. పొడవు ఎంత తగ్గిందో దాని వర్గమూలమంత కాలం తగ్గుతుంది.

మీరే పరీక్షించి చూడండి. ఒక దారానికి చిన్న నట్టు కట్టి, కొక్కెం నుంచి నట్టు మధ్య వరకు 100 సెంటీమీటర్లు ఉండేలా వేలాడదీయండి. పది ఊపులకు 20 సెకన్లు పడుతుంది. దాన్నే 4 సెంటీమీటర్లకు కుదిస్తే పది ఊపులకు 4 సెకన్లే. పొడవు 25వ వంతు, కాలం 5వ వంతు.

సినిమాల్లో బొమ్మ ఓడలు, బొమ్మ ఆనకట్టలు నిజమైనవిగా కనిపించడానికి వాడిన కిటుకు కూడా ఇదే. మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు తీస్తారు. 25వ వంతు నమూనాను సెకనుకు 120 ఫ్రేముల చొప్పున తీసి, 24 చొప్పున చూపిస్తే కదలిక 5 రెట్లు నెమ్మదిస్తుంది. కళ్లు నమ్ముతాయి. మదురోడాంలో ఎదురుగా నిలబడి చూసే మనకు ఆ సౌకర్యం లేదు కాబట్టి, పడవ బొమ్మ పడవేనని వెంటనే పసిగట్టేస్తాం.

ఉప్పెన అడిగిన ప్రశ్న

మదురోడాం తెరిచి ఏడు నెలలైంది. 1953 జనవరి 31 రాత్రి ఉత్తర సముద్రంలో పెనుగాలి రేగింది. దానికి పోటు తోడయింది. తెల్లవారేసరికి నైరుతి నెదర్లాండ్స్‌లో కరకట్టలు అనేకచోట్ల తెగిపోయాయి. 1,836 మంది చనిపోయారు. ఆ దేశపు భూమిలో నాలుగో వంతు దాకా సముద్రమట్టానికి దిగువన ఉంది. 1977 నవంబరు 19న దివిసీమ మీద విరుచుకుపడి సుమారు పది వేల మందిని బలి తీసుకున్న ఉప్పెన మన తెలుగువారికి తెలుసు. అదీ ఇదీ ఒకే జాతి విపత్తు. గాలి సముద్రాన్ని నేల మీదికి తోసింది.

మళ్లీ అలా జరగకుండా నదీముఖాలకు ఆనకట్టలు, తలుపులు కట్టాలని డచ్ ప్రభుత్వం తలపెట్టింది. ఎంత ఎత్తు కట్టాలి? ప్రవాహం ఎటు తిరుగుతుంది? అడుగున ఇసుక కోసుకుపోతుందా? ఆనాటికి ఈ ప్రశ్నలకు కాగితం మీద లెక్కలు చాలవు. కంప్యూటర్లు ఇంకా శైశవంలో ఉన్నాయి. మిగిలిన దారి నమూనాలే.

డెల్ఫ్ట్ నగరపు జలశాస్త్ర ప్రయోగశాల వాళ్లు నోర్డోస్ట్‌పోల్డర్ అనే ప్రాంతంలో, ఒక అడవిలో నదులు, రేవులు, నదీముఖాల నమూనాలు కట్టారు. అక్కడి నేల పక్కనున్న జలాశయాల మట్టం కన్నా పల్లంగా ఉండడంతో పంపులు లేకుండానే నీళ్లు పారేవి. 1950ల నుంచి 1990ల దాకా అక్కడ పని జరిగింది. ఈ చోటును వాటర్లోప్‌బోస్ అంటారు. 2016లో దీన్ని జాతీయ స్మారక ప్రదేశంగా గుర్తించారు. చెట్ల నీడన, నాచు పట్టిన సిమెంటు గోడల మధ్య ఆ చిన్న రేవులను నేడు ఎవరైనా తిరిగి చూడవచ్చు.

గమనించండి. ఒకే దేశంలో, ఇంచుమించు ఒకే కాలంలో రెండు రకాల బొమ్మ లోకాలు వెలిశాయి. మదురోడాంలో రూపం సరిపోతే చాలు. అడవిలోని నమూనాల్లో రూపం ఎలా ఉన్నా, చలనం మాత్రం సరిపోవాలి.

35 లక్షల క్యూసెక్కులు ఒక పిల్లకాలువలో

చలనం ఎప్పుడు సరిపోతుంది? ఈ ప్రశ్నకు దారి చూపినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. ఓడల నమూనాలను నీళ్లలో లాగి చూడడానికి 1872లో టోర్కీ పట్టణంలో పొడవాటి తొట్టి కట్టించాడు. నమూనా వేగాన్ని, పొడవు తగ్గిన నిష్పత్తికి వర్గమూలమంత తగ్గిస్తే, అది లేపే అలల తీరు అసలు ఓడ అలల తీరుతో సరిపోతుందని చూపించాడు. ఇది మన లోలకం సూత్రమే.

మన గోదావరితో లెక్క వేసి చూద్దాం. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించింది. దాన్ని 100వ వంతు నమూనాలో చూపాలంటే ఎంత నీరు కావాలి? ప్రవాహం అంటే వైశాల్యాన్ని వేగంతో గుణించగా వచ్చేది. వైశాల్యం 10,000వ వంతు. వేగం 100కు వర్గమూలమైన 10వ వంతు. రెండూ కలిపితే లక్షవ వంతు. అంటే 35 క్యూసెక్కులు చాలు! పొలానికి నీరు తెచ్చే చిన్న కాలువ ఆ పని చేసిపెడుతుంది. కాలం కూడా 10వ వంతు కనుక, ఒక రోజంతా సాగే వరద 2 గంటల 24 నిమిషాల్లో మన కళ్లముందు వచ్చి పోతుంది.

మన దేశంలో ఇలాంటి పనికి పెద్ద కేంద్రం పుణే సమీపాన ఖడక్‌వాస్లాలో ఉంది. 1916లో మొదలైన కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం అది. పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వే నమూనా పరీక్షలు కూడా అక్కడ జరిగాయి. హైదరాబాదు పొలిమేరలో హిమాయత్‌సాగర్ దగ్గర ఉన్న ఇంజనీరింగ్ పరిశోధనశాల కూడా ఇలాంటి అధ్యయనాలకు పేరు పొందింది.

నీటి మొండితనం

అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. ఫ్రూడ్ లెక్క గురుత్వాకర్షణకు మాత్రమే వర్తిస్తుంది. నీటికి మరో రెండు గుణాలున్నాయి. ఒకటి తలతన్యత, అంటే నీటి ఉపరితలం బిగించిన పొరలా ప్రవర్తించడం. రెండోది స్నిగ్ధత, అంటే పొరల మధ్య ఉండే జిగట. నమూనా చిన్నదైనా నీళ్లు మాత్రం అవే నీళ్లు. వాటి అణువులు చిన్నవి కావు.

అలల పొడవు సుమారు 1.7 సెంటీమీటర్ల కన్నా తక్కువైతే వాటిని నడిపేది గురుత్వాకర్షణ కన్నా తలతన్యతే ఎక్కువ. సముద్రంలో 25 సెంటీమీటర్ల అల గురుత్వాకర్షణ పిల్ల. 25వ వంతు నమూనాలో అది 1 సెంటీమీటరు అయి, తలతన్యత చేతిలోకి వెళ్లిపోతుంది. నురగ రాదు. అల విరగదు. నీళ్లు గాజుపూసల్లా గుండ్రంగా ముడుచుకుంటాయి. బొమ్మ ఊరి ఫౌంటెన్ మనల్ని నమ్మించలేకపోవడానికి కారణం ఇదే.

పార్కులో ఇది చిన్న విషయం. కరకట్ట మీద అల కొట్టే దెబ్బను కొలిచేటప్పుడు చిన్న విషయం కాదు. అల నురగగా విరిగితే ఒక రకమైన దెబ్బ, విరగకపోతే మరో రకం. అందుకే ఇంజనీర్లు నమూనాను వీలైనంత పెద్దదిగా కడతారు. డెల్ఫ్ట్‌లో 2015లో ప్రారంభించిన కొత్త తొట్టి 300 మీటర్ల పొడవు, తొమ్మిదిన్నర మీటర్ల లోతు ఉంటుంది. అందులో నాలుగున్నర మీటర్ల ఎత్తు అలలను పుట్టించగలరు. కంప్యూటర్లు ఇంతగా పెరిగిన కాలంలోనూ దాదాపు అసలు సైజు అలను కరకట్ట మీదికి తోసి చూస్తున్నారంటే, చిన్న నమూనా ఎక్కడ అబద్ధం చెబుతుందో వాళ్లకు బాగా తెలుసన్నమాట.

ఆ నదీముఖాల పథకంలో అతి కష్టమైనది ఓస్టర్‌స్కెల్డె అడ్డుకట్ట. ముందు అక్కడ సముద్రాన్ని పూర్తిగా మూసేయాలనుకున్నారు. అలా చేస్తే చేపలు, ఆల్చిప్పలు నశిస్తాయని జనం అభ్యంతరం చెప్పడంతో, మామూలుగా తెరిచి ఉండి తుఫానుకు మాత్రమే మూసుకునే 62 ఉక్కు తలుపులతో దాన్ని కట్టారు. 1986 అక్టోబరు 4న దాన్ని ప్రారంభించింది రాణి బేయాట్రిక్స్. 14 ఏళ్ల వయసులో బొమ్మ ఊరికి మేయరైన అమ్మాయే ఆమె. 1953 ఉప్పెన వచ్చిన జనవరి 31 ఆమె పదిహేనో పుట్టినరోజు. ఆ అడ్డుకట్ట నమూనా నేడు మదురోడాంలోనూ ఉంది.

ఏది తగ్గలేదో చూడండి

నమూనాలకు ఇంకో ప్రయోజనం కూడా ఉంది. నాగార్జునసాగర్ జలాశయం కింద మునిగిపోయిన ప్రాచీన విజయపురి లోయను ఈ తరం వాళ్లెవరూ చూడలేరు. నాగార్జునకొండ దీవి మీది మ్యూజియంలో ఉన్న ఆ లోయ నమూనా ముందు నిలబడితే స్తూపాలు, విహారాలు ఎక్కడెక్కడ ఉండేవో తెలుస్తుంది. కనుమరుగైనదాన్ని గుర్తుంచుకోవడానికి మనిషి నమూనా కడతాడు. కొడుకును పోగొట్టుకున్న తల్లిదండ్రుల డబ్బుతో మొదలైన మదురోడాం కూడా అలాంటిదే.

ఈసారి సెలవుల్లో ఏ బొమ్మ ఊరికైనా వెళితే, ఏది ఎంత తగ్గిందో చూడడంతో పాటు, ఏది తగ్గలేదో కూడా వెతకండి. ఆకు తగ్గిందా? చినుకు తగ్గిందా? గాలి తగ్గిందా? పడవ ఊగే కాలం ఎంత తగ్గింది? చేతి గడియారం, ఒక టేపు, చిన్న పుస్తకం వెంట ఉంటే చాలు. గెలీలియో అడిగిన ప్రశ్నకు మీరు మీ సొంత కొలతలతో జవాబు రాసుకోవచ్చు.